ఖాళీలేగా, తరువాత చూద్దాం అనేవారికి



32 ఏళ్ళపాటు పిల్లల వ్యాసపుస్తకాలలో ఎర్రసిరాతో గీతలు గీచినవాడిని. విడదీయవలసిన మాటలను కలిపినందుకూ, కలపవలసిన మాటలను విడదీసినందుకూ అరమార్కు చొప్పున కోసిన చేయి ఇది. ఆ పిల్లల ఉసురు ఇన్నేళ్ళకు మా మేనకోడలికి తగిలినట్లున్నది.

ఆ అమ్మాయి ఎం.ఫార్మసీ చదివి, హైదరాబాదులో ఔషధ భద్రతకు సంబంధించిన ఒక కార్యాలయంలో పనిచేస్తున్నది. మనలో చాలామంది ఇళ్ళలో ఈ ఉద్యోగం చేసే పిల్లలున్నారు గాని, వాళ్ళు చేసే పని ఏమిటో మనం అడిగి తెలుసుకున్నది తక్కువ. ఎక్కడో ఏదో దేశంలో ఒకరు మందు వేసుకుంటారు. ఒంటిమీద దద్దుర్లు లేస్తాయి, లేదా కళ్ళు తిరిగి పడిపోతారు. ఆ సంగతిని వైద్యుడో, నర్సో, రోగియో తెలియజేస్తే ఆ కాగితాలు వీళ్ళ ముందుకు వస్తాయి. రోగి ఎవరు, తెలిపినవారెవరు, అనుమానించిన మందేది, జరిగిన కీడేమిటి, ఈ నాలుగూ ఉంటే అది ఒక కేసు. దానిని మొదటినుంచి చివరిదాకా ఆంగ్లంలో ఒక కథనంగా రాయాలి. మోతాదు ఎంత, ఏ తేదీన మొదలుపెట్టారు, ఎన్నాళ్ళకు బాధ కనిపించింది, మందు ఆపితే తగ్గిందా, మళ్ళీ వేస్తే తిరగబెట్టిందా అన్నీ అందులో ఉండాలి. తీవ్రమైన కేసులను చాలా దేశాలలో 15 రోజులలోపల ప్రభుత్వ సంస్థకు చేర్చాలి.

థాలిడోమైడ్ ఉదంతం తరువాత ప్రపంచం నేర్చుకున్న బుద్ధి ఇది. గర్భిణులు వాడిన ఆ మందువల్ల కాళ్ళూ చేతులూ సరిగా ఏర్పడని శిశువులు వేలమంది పుట్టారు. 1961లో ఆస్ట్రేలియాలో మెక్‌బ్రైడ్, జర్మనీలో లెంజ్ అనే వైద్యులు తాము చూసినదానిని చూసినట్లు లోకానికి తెలుపబట్టి ఆ మందు నిజస్వరూపం బయటపడింది. 1968నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశదేశాల నివేదికలను ఒకచోటికి చేర్చనారంభించింది. మన దేశపు కార్యక్రమం 2010లో మొదలయింది. ఇప్పుడు ఘాజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దానికి కేంద్రం. అంటే ఈ పిల్లలు రాసేది ఏ అటక మీదో పడవేసే దస్త్రం కాదు. ఒక మందును గురించి లోకం వినగలిగిన సాక్ష్యం.

దసరా సెలవులకు వచ్చినప్పుడు ఆ అమ్మాయి భోజనాల దగ్గర అన్నది: "మావయ్యా, ఈ మూణ్ణెల్లలో నా మీద పడిన తప్పులలో సగానికి పైగా ఖాళీలే. మాటకూ మాటకూ నడుమ ఒకటి ఎక్కువయిందనీ, ఒకటి తక్కువయిందనీ. వాటివల్ల ఈ ఏడు నాకు జీతం పెరిగేట్టు లేదు. మరి మా పైఆయనేమో రాసేటప్పుడు ఖాళీల సంగతి పట్టించుకోవద్దంటాడు. ఖాళీలేగా, చివర్లో ఒక్క మీట నొక్కి అన్నీ ఒకేసారి సరిచేద్దాం అంటాడు."

ముందు నాకు నవ్వు వచ్చింది, దాచుకోను. తరువాత కోపం వచ్చింది. ఒకే కప్పు కింద ఒకరు ఖాళీకి జీతం కోస్తారు, మరొకరు ఖాళీ అంటే చీపురుతో ఊడ్చే దుమ్మంటారు. ఇద్దరూ పొరబడుతున్నారన్నదే నా వాదం. ఖాళీ అంటే ఏమిటో ఇద్దరికీ తెలియదు. ఒక విషయం ఎక్కడ ముగిసింది, మరొక విషయం ఎక్కడ మొదలయింది అన్న నిర్ణయమే ఖాళీ. మూలపత్రం చూసినవాడే ఆ నిర్ణయం చేయగలడు. మీట చేయలేదు, తప్పుల పట్టీ చేయలేదు.

రోగుల కాగితాలు బయటికి చూపకూడదు గనుక ఆ అమ్మాయి ఒక్క కేసయినా నాకు చూపలేదు, నేనూ అడగలేదు. ఇద్దరమూ కూర్చుని తెల్లకాగితం మీద కల్పించుకున్న వాక్యాలతోనే వాదించుకున్నాము. మొదటి వాక్యం నాది, తెలుగులోనే రాశాను:

"రోగి మాత్ర మే 5న వేసుకున్నాడు."

ఇందులో ఒక్క ఖాళీని తీసివేయండి. "రోగి మాత్రమే 5న వేసుకున్నాడు" అవుతుంది. మాత్ర మాయమయింది. మే నెల మాయమయింది. ఎవరూ అనని "మాత్రమే" ఒకటి ఎక్కడినుంచో వచ్చి కూర్చున్నది. రెండు వాక్యాలలోనూ వ్యాకరణదోషం లేదు, అక్షరదోషం లేదు. అక్షరదోషాలను వెదికే ఏ యంత్రమైనా రెండింటికీ వందకు వంద మార్కులు వేస్తుంది. ఏ తేదీన మందు వేసుకుంటే ఏ తేదీన బాధ మొదలయింది అన్నదే కేసుకు ప్రాణం కదా. ఆ ప్రాణం పోయినట్లు కూడా ఎవరికీ తెలియదు.

ఇది పండితుడి చమత్కారమనుకుంటారేమో. ఇండెరాల్ అనే గుండెజబ్బు మందు ఉన్నది, టెగ్రెటాల్ అనే మూర్ఛరోగపు మందు ఉన్నది. ఆంగ్లంలో రెంటి పేర్లూ 'ఎల్' అక్షరంతో ముగుస్తాయి. చిన్నబడి 'ఎల్'కూ, ఒకటి అంకెకూ కంటికి భేదం తక్కువ. పేరు వెనుకనే ఖాళీ లేకుండా 40 వేస్తే 140గానూ, 300 వేస్తే 1300గానూ చదివే ప్రమాదం ఉన్నదని అమెరికాలో మందుల పొరపాట్లను పరిశీలించే ఐఎస్ఎంపీ అనే సంస్థ తన హెచ్చరికల పట్టికలో ఈ రెండు పేర్లనే ఉదాహరణలుగా చూపింది. అదే పట్టికలో మరొకటి: మోతాదు అంకెకు మిల్లీగ్రాముల గుర్తును అతికిస్తే, ఆ గుర్తులోని 'ఎమ్' వంపులు ఒక సున్నాలాగానో, రెండు సున్నాలలాగానో కనబడి పది పదింతలో, వందింతలో కావచ్చు. కొలతలకు సంబంధించిన అంతర్జాతీయ నియమావళి కూడా అంకెకూ ప్రమాణానికీ మధ్య ఖాళీ ఉండితీరాలంటుంది. కోణాలను కొలిచే డిగ్రీ, నిమిషం, సెకను గుర్తులకే మినహాయింపు.

"అయితే మంచిదే కదా, మీట నొక్కితే ఖాళీలన్నీ ఒక క్రమంలో పడతాయి" అంటారు మీటవాదులు. వారికోసం మా అమ్మాయి రాసిన వాక్యం ఇది. పాత ఆసుపత్రి చీటీని యంత్రం చేత చదివించారనుకోండి. అందులో "1.0 మిల్లీగ్రాము" అని ఉన్నది. నకలులో ఆ చుక్క చెరిగిపోయింది. యంత్రం దానిని "1 0" అని చదివింది. అంకెల నడుమ అనవసరపు ఖాళీ పడిందని ఊడ్చేవాడు దానిని తీసివేస్తాడు. ఇక మిగిలినది 10. ఖాళీ ఉన్నంతసేపూ కనీసం చూసినవాడికి అనుమానమయినా వచ్చేది. సరిచేసిన తరువాత అనుమానానికి చోటే లేదు. శుభ్రంగా, అందంగా, పదింతలు తప్పు. తప్పును దిద్దడం వేరు, తప్పు తాలూకు ఆనవాలును చెరపడం వేరు. ఫ్రాన్సు వంటి దేశాలలో వేలను విడదీయడానికి కామాకు బదులు ఖాళీయే పెడతారు, "10 000" అని. ఆ ఖాళీని చూసి పదీ, మూడు సున్నాలూ అని విడగొట్టేవాడొకడు, తప్పని కలిపేసేవాడొకడు. అది పంక్తి చివర పడి 10 పైనా, 000 కిందా విరిగితే చూడాలి తమాషా. విరగని ఖాళీ అని ఒకటి యూనికోడులో ఉన్నది కదా, అంకెనూ ప్రమాణాన్నీ ఒకే పంక్తిలో పట్టి ఉంచేది. 'సాఫ్ట్‌వేర్' అని సరిగా పడడం కోసం కంటికి కనబడని అక్షరాన్ని వెదికి వెదికి వేసుకున్న మన బ్లాగరులకు దీనిని గురించి నేను చెప్పాలా? కంటికి కనబడనిదంతా లేనిది కాదని మనకు తెలిసినంతగా మరెవరికి తెలుసు?

ఇక్కడ నా తోటి పండితులనుంచే ఒక ఆక్షేపణ వస్తుందని ఎరుగుదును. "తాళపత్రాలలో ఖాళీలెక్కడివయ్యా? అంతా కలగలిపి రాసేవారు, చదువుకునేవారు చదువుకోలేదా?" అని. చదువుకున్నారు. ఎందువల్ల? పద్యానికి గణాలున్నాయి, యతి ఉన్నది, ప్రాస ఉన్నది. తప్పు చోట విరిస్తే నడక కుంటుపడి చదివేవాడి చెవే పట్టిస్తుంది. పైగా చదివేవాడు గురుముఖతః నేర్చినవాడు. మందు మోతాదుకు యతిస్థానమెక్కడ? ఐరోపాలోనూ లాటినును ఒకప్పుడు ఇలాగే కలగలిపి రాసేవారు. మాటకూ మాటకూ మధ్య ఎడం వదలడాన్ని ఏడు, ఎనిమిది శతాబ్దాలలో స్థిరపరిచినవారు ఐర్లండు క్రైస్తవ సన్యాసులు. లాటిను వారి ఇంటి భాష కాదు గనుక ఖాళీ లేకపోతే వారికి గడవలేదు. ఔషధ భద్రతలో అందరూ ఆ సన్యాసులే. జపానులో ఒక రోగి చెప్పినది ఆంగ్లంలోకి మారి, హైదరాబాదులో ఒక తెలుగుపిల్ల చేత కథనమై, మరొక ఖండంలో అధికారి ముందుకు పోతుంది. ఎవరి మాతృభాషా కాని ఆ ఆంగ్లంలో ఖాళీయే దిక్కు.

ఇంకొక ఆక్షేపణ. మోతాదుకు వేరే గడి, ప్రమాణానికి వేరే గడి ఎలాగూ ఉన్నాయి, కథనంలో ఖాళీ ఎటుపోతేనేమి? గడులున్న మాట నిజమే. ఐసీహెచ్ వారి ఈ2బీ పద్ధతిలో అన్నిటికీ గడులున్నాయి. కాని ఆ గడులు నింపేవాడు దేనిని చదివి నింపుతాడు? అదే పద్ధతి మూడవ కూర్పులో కథనానికి లక్ష అక్షరాల చోటిచ్చారు. ఆ లక్షలో ఖాళీ కూడా ఒక అక్షరమే. లెక్కపెట్టేటప్పుడు అక్షరమూ, రాసేటప్పుడు దుమ్మూనా?

ఇంతదాకా చెప్పినదంతా కాగితం మీది వాదమే అయితే ఈ టపా రాసేవాడిని కాను. ఆ అమ్మాయి తల్లి, అంటే మా అక్కయ్య, నాకంటే నాలుగేళ్ళు పెద్దది. ఎముకలు గుల్లబారాయని చాలా ఏళ్ళుగా వారానికొక అలెండ్రొనేట్ మాత్ర వేసుకుంటున్నది. నిరుడు రెండు నెలలపాటు కుడి తొడ సలుపుతున్నదంటే మోకాలి అరుగుదలేనని అందరమూ తేల్చేశాము. ఒకనాటి ఉదయం వంటింటి గడప దాటుతూ, తొట్రుపడనైనా లేదు, నిలుచున్నది నిలుచున్నట్లే కూలింది. పడి ఎముక విరగలేదు, విరిగి పడింది. శస్త్రచికిత్స జరిగి, లోపల కడ్డీ వేసి, ఇంటికి పంపుతూ ఆసుపత్రివారు సారాంశపు కాగితం ఇచ్చారు. అందులో ఆంగ్లంలో "ఎ టిపికల్ ఫ్రాక్చర్" అని ఉన్నది.

ఆంగ్లంలో ఆ ఒంటి అక్షరం రెండు పనులు చేస్తుంది. విడిగా నిలిస్తే "ఒక" అని అర్థం. మాటకు అతుక్కుంటే గ్రీకునుంచి వచ్చిన ఉపసర్గ, "కాదు" అని అర్థం. మన నఞ్ సమాసంలోని అకారానికి అది అన్నదమ్ముల బిడ్డ. "ఎ టిపికల్" అంటే ఒక మామూలు రకం. "ఎటిపికల్" అంటే మామూలుది కానిది. ఈ తొడ ఎముక విషయంలో ఆ ఖాళీ మరీ ప్రాణాంతకం. ఎందుకంటే మామూలు రకపు భంగం ఎముకలు గుల్లబారే జబ్బు చేసే పని. అసాధారణ రకపు భంగం, ఆ జబ్బుకు వాడే ఈ జాతి మందులను ఏళ్ళ తరబడి వాడితే అరుదుగా జరిగే పని. దీనిని గురించి అమెరికా ఔషధ సంస్థ 2010 అక్టోబరులో హెచ్చరిక ప్రకటించింది. దుష్ప్రభావాల పారిభాషిక కోశమైన మెడ్‌డ్రాలో కూడా ఈ రెంటికీ వేరువేరు పదాలున్నాయి. ఖాళీ ఉంటే నేరం జబ్బుది, ఖాళీ లేకపోతే అనుమానం మందు మీద. ఒక్క ఖాళీ ముద్దాయిని మార్చివేస్తుంది.

మా ఊళ్ళో అక్కయ్యను చూసే డాక్టరు ఆ కాగితం చదివి, మామూలు భంగమే కదా, ఎముకల మాత్ర మానవద్దమ్మా అన్నాడు. కాగితంలో ఉన్నదానిని ఉన్నట్లు చదివిన ఆయనను ఏమనగలం? మా అమ్మాయి మాత్రం గడప దగ్గర జరిగినదీ, రెండు నెలల సలుపూ కలిపి చూసుకుని, ఆ కాగితం పట్టుకుని శస్త్రచికిత్స చేసినాయన దగ్గరకు పోయింది. ఆయన చూసి, "అసాధారణమనే చెప్పానమ్మా, టైపు చేసినవాళ్ళు విడగొట్టారు" అన్నాడట. మాత్ర ఆపించి, ఇంకో తొడకు కూడా ఎక్స్‌రే తీయించాడు. అందులోనూ ఎముక పైపొర ఒకచోట మందమెక్కిన గుర్తు కనబడింది. ఆ ఖాళీని ఎవరూ పట్టించుకోకపోయి ఉంటే అక్కయ్య రెండవకాలి మీద నమ్మకంతో నడక సాగించి ఉండేది, అదే మాత్ర వేసుకుంటూ. (ఇది చదివి ఎవరూ తమంతట తాము ఆ మాత్రలు మానవద్దు. ఎందరికో అవి ఎముక విరగకుండా కాపాడుతున్న మందులే. తొడ సలిపితే డాక్టరుకు చెప్పండి, అంతే.)

ఇప్పుడు చెప్పండి, మీటవాదులారా! "ఎ టిపికల్" అన్నచోట మీ మీట ఏమి చేస్తుంది? రెండూ నిఘంటువులో ఉన్న మాటలే. ఖాళీ ఒక్కటే ఉన్నది, రెండు లేవు. మీ చీపురు దానిమీదుగా హాయిగా పోతుంది.

తప్పుల పట్టీ వారికి కూడా ఒక మాట. వాక్యాంతపు చుక్క తరువాత ఒక ఖాళీకి బదులు రెండు పడితే అది టైపు మిషన్ల కాలపు అలవాటు. దానివల్ల ఏ రోగికీ ఏమీ కాదు. శాతపు గుర్తుకు ముందు ఖాళీ ఉండాలా వద్దా అన్నదానిలో కొలతల నియమావళిది ఒక దారి, ఆంగ్ల గ్రంథముద్రాపకులలో చాలామందిది మరొక దారి. ఏదో ఒకటి పట్టుకుని సాగితే చాలు. ఇలాంటివాటికీ, మందు పేరుకు మోతాదు అతుక్కున్నదానికీ ఒకే అరమార్కు కోస్తే పిల్లలు ఏమి నేర్చుకుంటారు? ఏ ఖాళీ అయినా ఒకటే, అన్నీ పైఅధికారి చాదస్తమే అని నేర్చుకుంటారు. నేనూ అదే నేర్పానని ఒప్పుకుంటున్నాను. "రాజుగారు" అని కలపాలా, "రాజు గారు" అని విడదీయాలా అన్నదానికి అరమార్కు కోశాను, అర్థం తలకిందులయ్యే చోటా అరమార్కే కోశాను. తేడా చెప్పే ఓపిక ఆనాడు నాకు లేకపోయింది. ఆ తప్పుకు నా మీద ఎవరూ జీతం కోయలేదు.

మరి దిద్దడం ఎలాగంటే, దిద్దేవాడు మూలపత్రం పక్కన పెట్టుకుని కూర్చోవాలి. అంకెల లోపల, మందు పేరుకూ మోతాదుకూ నడుమ, తేదీల దగ్గర, "కాదు" అనే అర్థాన్నిచ్చే ఉపసర్గల దగ్గర మీటను ముట్టుకోకూడదు, ఒక్కొక్కటే చదివి చేతితో దిద్దాలి. మిగిలినచోట్ల మీట నొక్కుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. మూలంలోనే అనుమానం ఉంటే మనం దిద్దగూడదు. ఉన్నది ఉన్నట్లు నిలిపి, తెలిపినవారిని అడగాలి. మన గ్రంథపరిష్కర్తలు చేసినదీ ఇదే. తాళపత్రంలో పాఠం తేలకపోతే ఉన్న పాఠాన్ని ఉంచి, తమ ఊహను అధోజ్ఞాపికలో చెప్పినవాడు పరిష్కర్త. తన ఊహనే పాఠంగా ఎక్కించినవాడిని ఏమనేవారో ఇక్కడ రాయను. అడిగి తెలుసుకోవడానికి కాలం పడుతుంది, నిజమే. ఒక్కొక్కరి నెత్తిన రోజుకిన్ని కేసులని పెట్టి, అడిగే తీరిక లేకుండా చేసి, తరువాత ఖాళీలకు జీతం కోయడం ఏ న్యాయమో ఆ కార్యాలయాలవారే చెప్పాలి.

అక్కయ్య కేసును మా అమ్మాయి మన దేశపు కార్యక్రమానికి తెలియజేసింది. ఆ పని రోగులూ, ఇంట్లోవారూ కూడా చేయవచ్చు. 1800-180-3024 అనే నెంబరుకు ఫోను చేస్తే డబ్బు పడదు. రోగుల కోసం పెట్టిన ఆ పత్రం తెలుగులో కూడా ఉన్నది. దానికి జతచేయడానికి సరిచేసిన సారాంశం కావాలని ఆసుపత్రివారిని అడిగితే, నాలుగుసార్లు తిప్పించుకుని పోయిన వారం కొత్త కాగితం ఇచ్చారు. ఆ రెండు ముక్కలూ ఈసారి చక్కగా కలిశాయి. సంతోషించబోయేంతలో మా అమ్మాయి కింది పంక్తి చూపించింది. వారానికి 70 మిల్లీగ్రాములన్న చోట, పాత కాగితంలో సవ్యంగా ఉన్న ఖాళీ ఎగిరిపోయి, అంకే ప్రమాణమూ అతుక్కుని ఉన్నాయి. రేపు సోమవారం మళ్ళీ వెళుతున్నది. ఈసారి తోడుగా నేనూ వెళుతున్నాను, ఎర్రసిరా కలం జేబులో పెట్టుకుని.